అత్యవసర సంచి పాఠము – ఒక విమర్శ

ప్రకృతి వైపరీత్యములను గూర్చి బడిపిల్లలకు చెప్పు పాఠములలో ‘అత్యవసర సంచి’ పాఠమొకటి నేడు అనేక దేశములలో స్థిరపడిపోయినది. త్రాగునీరు, నిలువయుండు ఆహారము, టార్చిలైటు, రేడియో, ఈల, ప్రథమ చికిత్స సామగ్రి, మందులు, ముఖ్యమైన కాగితముల నకళ్లు, కొంత రొక్కము – వీనిని ఒక సంచిలో సర్ది అందుబాటున ఉంచుకొనవలెనని ఆ పాఠము చెప్పును. దాని ప్రక్కన ఒక సంచి బొమ్మ ఉండును. చివర “అత్యవసర సంచిలో ఉండవలసిన ఐదు వస్తువులను వ్రాయుము” అను ప్రశ్న ఉండును. విద్యార్థి ఐదింటిని వ్రాయును, ఉపాధ్యాయుడు మార్కులు వేయును, పాఠము ముగియును.

ఈ పాఠము మంచిదా, కాదా యని ఎవరైన అడిగినచో మంచిదేయని చెప్పవలెను. ఆపద వచ్చిన వేళ మనిషికి ఆలోచన తగ్గును, తొందర పెరుగును. ఆ తొందరలో ఏది వెతుక్కొనవలెనో ముందే వెతికి ఉంచుకొనుట వివేకము. కాని మంచి పాఠమును కూడ పరీక్షించి చూడవలెను. విజ్ఞానశాస్త్రమును బోధించు మనము ఈ పాఠమును మూడు ప్రశ్నలు అడుగుదము. ఈ పట్టిక ఎక్కడ, ఏ ఆపదకొరకు పుట్టినది? ఇందలి వస్తువులకు వెనుకనున్న కారణములను పాఠము చెప్పుచున్నదా? సంచి చేతికి తీసుకొనుటకు ముందు జరుగవలసిన పనిని అది నేర్పుచున్నదా?

పట్టిక పుట్టిన చోటు

మన పుస్తకములలో కనిపించు పట్టికలలో చాలవరకు భూకంపములు తరచుగా వచ్చు దేశముల అనుభవమున రూపొందినవి. జపాను దేశమున 1923 సెప్టెంబరు 1వ తేదీన వచ్చిన మహాభూకంపములోను, దానివెంట చెలరేగిన మంటలలోను లక్షమందికి పైగా మరణించిరి. ఆ దేశమున నేటికిని సెప్టెంబరు 1వ తేదీని విపత్తు నివారణ దినముగా పాటించుచున్నారు. అక్కడి అనేక ప్రాథమిక పాఠశాలలలో పిల్లవాని కుర్చీకి దూదితో కుట్టిన కుళ్లాయి యొకటి తగిలించి ఉండును. మామూలు రోజులలో అది మెత్తగా పనికివచ్చును. భూమి కదలినపుడు తలపై వేసుకొన్నచో పైనుండి పడు పెంకులనుండి, అద్దపు ముక్కలనుండి తలను కాపాడును.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మరియొక పద్ధతి కలదు. భూకంపము వచ్చినచో తల్లిదండ్రులు వచ్చువరకు పిల్లలను బడిలోనే ఉంచవలసివచ్చును. అందుచేత అనేక బడులు ప్రతి పిల్లవాని పేర ఒక చిన్న పొట్లమును భద్రపరచును. అందులో తినుబండారములతోపాటు కుటుంబముయొక్క ఫోటో, తల్లిదండ్రులు ముందుగా వ్రాసియిచ్చిన ఒక ఉత్తరము ఉండును. “మేము వచ్చుచున్నాము, గురువుగారు చెప్పినట్లు వినుము” అను భావముతో వ్రాసిన నాలుగు పంక్తులు చాలును. ఈ వస్తువు మన పట్టికలలో సాధారణముగా కనబడదు. బరువులేనిది, ఖర్చులేనిది, భయపడిన చిన్నపిల్లవానికి బిస్కత్తుకంటె ఎక్కువగా పనికివచ్చునది ఇదియే. పరదేశపు పట్టికనుండి తీసుకొనదగిన దానిని వదలి, వదలదగిన దానిని మనము తీసుకొన్నామేమో ఆలోచింపవలెను.

ఏలననగా భూకంపము ముందుగా చెప్పి రాదు. రోడ్లు తెగి, కొళాయిలు ఎండి, సహాయము చేరుటకు రెండు మూడు రోజులు పట్టవచ్చును. కనుక “మూడు రోజులకు సరిపడునంత” అను లెక్క పుట్టినది. మన కోస్తాకు వచ్చు తుపాను స్వభావము వేరు. భారత వాతావరణ శాఖ తుపాను తీరము దాటుటకు దాదాపు 72 గంటల ముందు తొలి సూచనను, 48 గంటల ముందు అప్రమత్తతను, 24 గంటల ముందు హెచ్చరికను ఇచ్చు పద్ధతి కలదు. ఇచ్చట మనకు సమయము ఉన్నది. ఆ సమయములో ఇల్లు వదలుదుమా, వదలమా అన్నదే ప్రశ్న. భూకంపపు సంచి ఉన్నచోట నిలిచియుండుటకు, తుపాను సంచి బయలుదేరి పోవుటకు. రెండును సంచులే, కాని రెండింటిని ఒకే పాఠముగా చెప్పినచో పిల్లవానికి రెండింటిలో ఏదియు సరిగా తెలియదు.

మరియొక భేదము కూడ కలదు. కాలిఫోర్నియాలో పిల్లవాడు బడిలో ఉండి తల్లిదండ్రులకొరకు ఎదురుచూచును. మన తీరగ్రామములలో పెద్దలే బడికి వచ్చి తలదాచుకొందురు. తుపాను వేళ పాఠశాల భవనమే గ్రామమునకు ఆశ్రయమగును. కాబట్టి పిల్లవాని సంచిలో ఏమున్నదను ప్రశ్నకంటె బడి బీరువాలో ఏమున్నదను ప్రశ్న మనకు పెద్దది. ఈ మాట పట్టికలలో కానరాదు.

తూకము వేసి చూచినచో

పట్టికలోని మొదటి వస్తువు నీరు. మనిషికి రోజునకు 3 లీటర్ల చొప్పున మూడు రోజులకు అని జపానులో చెప్పుదురు. అనగా 9 లీటర్లు. లీటరు నీరు కిలో బరువు కనుక నీరే 9 కిలోలు. ఐదవ తరగతి పిల్లవాడు 30 కిలోల బరువున్నాడనుకొందము. 2020లో మన విద్యామంత్రిత్వ శాఖ ప్రకటించిన బడిసంచి విధానము ప్రకారము పిల్లవాడు మోయు సంచి అతని బరువులో పదవవంతు మించరాదు. అనగా 3 కిలోలు. పట్టిక చెప్పిన నీరు ఒక్కటే దానికి మూడు రెట్లు.

ఈ లెక్క ఐదవ తరగతి పిల్లవాడే చేయగలడు. కాని పాఠములో ఈ లెక్క లేదు. పట్టికను వ్రాసినవారు సంచిని ఒకనాడైన భుజమునకు తగిలించుకొని మెట్లెక్కి చూచినట్లు తోచదు. లెక్క చేసినచో వెంటనే తెలియునదేమనగా, పిల్లవాని సంచిలో ఒక లీటరు నీరుంచి, మిగిలినది చేరవలసిన చోటనే ముందుగా నిలువచేయవలెను. ఒక్క గుణకారముతో సంచి పాఠము ఊరి పాఠముగా మారును. గణిత ఉపాధ్యాయులు దీనిని గమనింతురు గాక.

ఖర్చు సంగతియు ఇట్టిదే. డబ్బా ఆహారము, డబ్బా కోత పరికరము, ప్రత్యేకముగా చేసిన సంచి – వీనిని కొనుడని కూలివారి పిల్లవానికి చెప్పినచో అతడు పాఠము విని ఊరకుండును. అటుకులు, వేయించిన వేరుసెనగపప్పు, బెల్లము – ఇవి వండనక్కరలేనివి, తేలికైనవి, ఇంటనే దొరకునవి. బిగువైన మూతగల డబ్బాలో ఉంచి రెండు నెలలకొకసారి మార్చినచో చెడవు. ఊరగాయ ఎంత ఇష్టమైనను సంచిలో వద్దు. ఉప్పు దాహమును పెంచును, నీరు తక్కువైన చోట దాహము శత్రువు.

వస్తువు వెనుకనున్న కారణము

ఈ పాఠముపై నా రెండవ అభ్యంతరము శాస్త్ర సంబంధమైనది. వస్తువు పేరు చెప్పి కారణము చెప్పకపోవుట బోధనలో పెద్దలోపము. కారణము తెలిసినవాడు వస్తువు లేనపుడు దానికి బదులు వేరొకటి వెదకుకొనగలడు. పేరు మాత్రము తెలిసినవాడు ఆ వస్తువు దొరకనిచో చేతులు ముడుచుకొని కూర్చుండును.

ఉదాహరణకు ప్రథమ చికిత్స పెట్టెలో ఓ.ఆర్.ఎస్. పొట్లము అని వ్రాయుదురు. దానిలోనున్న గుట్టు చిన్నప్రేగులో ఉన్నది. ప్రేగు గోడలో గ్లూకోజును, సోడియమును జతగా లోనికి తీసుకొను ద్వారములు కలవు. విరేచనములు పట్టుకొన్నను ఈ ద్వారములు పనిచేయుచునే యుండును. జతగా అవి లోనికి పోగా నీరు వాటి వెంట పోవును. కనుక ఉప్పు, చక్కెర రెండును తగు పాళ్లలో ఉండవలెను. పొట్లము లేనిచో లీటరు శుభ్రమైన నీటిలో చదునుగా కొలిచిన ఆరు చెమ్చాల చక్కెర, అర చెమ్చా ఉప్పు కలిపినచో సరిపోవును. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులు నిండిన బనగావ్ శిబిరమున కలరా చెలరేగి, నరములకెక్కించు సెలైను అయిపోవుచున్నపుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఈ విధమైన ద్రావణమునే నోటిద్వారా త్రాగించెను. అంతకుముందు నూటికి 30 వరకు ఉన్న మరణములు నూటికి 4 లోపునకు దిగినవి. వరద తరువాత వచ్చు విరేచనములకు భయపడు ప్రతి గ్రామమున ఈ కథ చెప్పదగినది.

క్లోరిన్ బిళ్ల సంగతి చూడుడు. బురదనీటిలో వేసిన బిళ్ల వ్యర్థము. ఏలననగా నీటిలోని మట్టి, కుళ్లిన పదార్థము క్లోరినును ముందుగా తినివేయును, సూక్ష్మజీవులకు మిగులదు. కనుక ముందు గుడ్డతో వడకట్టి, తేర్చి, ఆపైన బిళ్ల వేసి అరగంట ఆగవలెను. “బిళ్ల ఉంచుకొనుము” అన్న పాఠము ఈ అరగంటను చెప్పనిచో బిళ్ల సంచిలోనున్నను రోగము తప్పదు.

టార్చిలైటులో బ్యాటరీలను వేసి ఉంచరాదు. చవక జింకు–కార్బను బ్యాటరీలో పైనున్న జింకు డొప్పయే ఒక ధ్రువము. రసాయన చర్యలో అది నెమ్మదిగా కరగి, పలుచనై, చిల్లుపడి, లోని ద్రవము కారి లైటును పాడుచేయును. ఏడాది తరువాత అవసరము వచ్చినపుడు సంచిలో లైటుండును, వెలుగుండదు. బ్యాటరీలను వేరుగా కాగితములో చుట్టి ఉంచుట ఎందులకో ఇప్పుడు తెలిసినది. రసాయనశాస్త్ర పాఠమునకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఈల ఎందులకు? కేకవేయుటకు ఎక్కువ ఊపిరి కావలెను. కొద్దిసేపటికే గొంతు బొంగురుపోవును. ఈల శబ్దము సెకనుకు కొన్నివేల కంపనములుగల ధ్వని. మన చెవి ఆ కంపనములను అన్నిటికంటె చురుకుగా పట్టుకొనును. రేడియో ఎందులకు? సెల్ ఫోనునకు దగ్గరలోని టవరు, ఆ టవరునకు విద్యుత్తు కావలెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు నగరమున కరెంటు రోజుల తరబడి లేదు, ఫోనులు మూగపోయినవి. రేడియోకు దూరమునుండి ప్రసారము చేయు కేంద్రము చాలును. ఇట్లు కారణము చెప్పినచో పట్టిక ఒక సంవత్సరపు భౌతిక, రసాయన, జీవశాస్త్ర పాఠములకు సూచికయగును.

రెండు బడుల కథ

మూడవ అభ్యంతరము అన్నిటికంటె ముఖ్యమైనది. సంచి ఆపద తరువాతి దినములకు ఉపయోగించును. ఆ దినములు పిల్లవానికి రావలెనన్నచో మొదటి నిమిషములు గడవవలెను. దీనికి నిదర్శనము జపానులోనే కలదు.

2011 మార్చి 11వ తేదీన తూర్పు జపాను తీరమున 9.0 పరిమాణముగల భూకంపము వచ్చి సునామీ లేచినది. కమైషి నగరములోని ఉనొసుమాయి ప్రాంతమున ఒక ప్రాథమిక పాఠశాల, దాని ప్రక్కనే ఒక మాధ్యమిక పాఠశాల ఉండెడివి. అధికారులు గీసిన ముంపు పటములో ఆ బడులు ముంపు ప్రాంతమునకు వెలుపల ఉన్నవి. అయినను పెద్దపిల్లలు కదలిక తగ్గగానే ఎత్తైన చోటునకు పరుగెత్తిరి. బడి మూడవ అంతస్తునకు చేరిన చిన్నపిల్లలు వారిని చూచి క్రిందికి దిగి వెంటబడిరి. మొదట నిర్ణయించిన చోట కొండచరియ విరిగియుండుట చూచి, అది చాలదని ఇంకను పైకి పోయిరి. తరువాత మరియు పైకి పోయిరి. బడులు రెండును మునిగినవి. ఆనాడు బడినుండి కదలిన సుమారు 570 మంది పిల్లలు బ్రతికిరి. గున్మా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు తొషితక కతాద అక్కడి బడులకు కొన్ని సంవత్సరములుగా మూడు సూత్రములు నేర్పియుండెను. ముందుగా వేసుకొన్న అంచనాను నమ్మకుము; ఆ క్షణమున చేయగలిగినదంతయు చేయుము; ఇతరులకొరకు ఎదురుచూడక ముందు నీవు కదలుము.

అదే దినమున ఇషినొమాకి నగరపు ఒకావా ప్రాథమిక పాఠశాలలో 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు మరణించిరి. ఆ బడియు ముంపు పటమునకు వెలుపలనే ఉన్నది. భూకంపమునకు, నీరు చేరుటకు మధ్య దాదాపు 50 నిమిషముల వ్యవధి ఉన్నది. బడి వెనుకనే కొండ ఉన్నది. పిల్లలు బడి ఆవరణలో నిలిచియుండగా పెద్దలు ఎక్కడికి పోవలెనో తేల్చుకొనలేకపోయిరి. ఆ బడి విపత్తు పుస్తకమున సునామీ వచ్చినచో దగ్గరలోని ఖాళీ స్థలమునకు గాని పార్కునకు గాని పోవలెనని ఉన్నదేగాని, ఆ స్థలమేదో లేదు. తల్లిదండ్రుల దావాలో 2018లో సెండై హైకోర్టు ముందస్తు సన్నాహములోని లోపమునే తప్పుగా ఎత్తిచూపినది. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపినది.

ఈ రెండు బడులలో ఆనాడు ప్రాణములను నిర్ణయించినది సంచి కాదు. ఎక్కడికి, ఏ దారిన, ఎవరు చెప్పగా – ఈ మూడింటికి సమాధానము ముందే ఉండుటయు, లేకపోవుటయు. విపత్తు పుస్తకములో ఒక స్థలము పేరు లేకపోవుట ఎంత పెద్ద లోపమో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. సంచికొరకు వెనుదిరుగుట ప్రాణాంతకము కావచ్చునని కూడ ఏ పాఠమైన స్పష్టముగా చెప్పవలెను. సంచి చేతికందినచో తీసుకొనుము, అందనిచో వదలి పొమ్ము. ఈ వాక్యము లేని సంచి పాఠము అసంపూర్ణము.

మన తీరము, మన నది

మన చరిత్రలో కూడ ఇట్టి జంట ఉదాహరణ కలదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను తాకిన తుపానులో సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చి పదివేలకు తక్కువకాని ప్రజలు మరణించిరి. ఉప్పెన ఎట్లు లేచునో పిల్లలు తెలిసికొనవలెను. వాయుపీడనము ఒక మిల్లీబారు తగ్గినచో సముద్రమట్టము సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. 70 మిల్లీబారులు తగ్గినను పెరుగునది 70 సెంటీమీటర్లే. మిగిలినదంతయు గాలి సముద్రమును తీరమువైపు నెట్టి, లోతు తక్కువైన చోట కుప్పవేయుటవలన కలిగినది. ఒక ఘనమీటరు నీటి బరువు వెయ్యి కిలోలు. ఆ బరువు పరుగెత్తి వచ్చునపుడు పూరిగుడిసెలో చక్కగా సర్దిన సంచి ఏమి చేయగలదు?

1990 మే 9వ తేదీన కృష్ణా ముఖద్వారము ప్రాంతముననే మరియొక తీవ్రమైన తుపాను తీరము దాటినది. ఈసారి ఆరు లక్షలకు పైగా జనమును ముందే తరలించిరి. మరణములు వెయ్యి లోపున ఆగినవి. అవియు తక్కువ కాదు. కాని 1977తో పోల్చినచో భేదము స్పష్టము. హెచ్చరిక, తరలింపు, ఆశ్రయ భవనములు ఈ భేదమునకు ముఖ్యకారణములు.

గోదావరి ఒడ్డున పాఠము మరియొక రూపము దాల్చవలెను. భద్రాచలమువద్ద నీటిమట్టము 43 అడుగులు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో మట్టము 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చేరినది. అక్కడి విద్యార్థికి సంచిలోని వస్తువులతోపాటు ఈ మూడు అంకెలును రావలెను. ఏ అంకెవద్ద సంచి సర్దవలెను, ఏ అంకెవద్ద పశువులను విప్పవలెను, ఏ అంకెవద్ద అవ్వను, తాతను ముందుగా పంపవలెను – ఇవి ఆ ఊరి బడిలో, ఆ ఊరి పెద్దల సమక్షమున తేలవలసిన ప్రశ్నలు.

పరీక్షలో ఏమి అడుగవలెను?

ఇంత చెప్పిన పిమ్మట ఒక ఆక్షేపణ రావచ్చును. పట్టిక సులభము, కారణములు కష్టము, చిన్నపిల్లలకు సులభమైనదే చాలదా అని. పట్టికను తీసివేయుమని నేను చెప్పుటలేదు. విమానము నడుపువారు కూడ పట్టిక చూచియే పనిచేయుదురు. కాని వారి పట్టికలో ఏ పని ఎప్పుడు చేయవలెనో ఉండును. మన పట్టికకు లోపించినది ఈ ‘ఎప్పుడు’ అన్నదే. అదియు, ‘ఎక్కడికి’ అన్నదియు చేర్చినచో పాఠము పెద్దగా పెరుగదు; రెండు పంక్తులు పెరుగును.

మనము చదువు వారిని పరీక్షతో కొలుచుచున్నాము కనుక పరీక్షలోని ప్రశ్నను మార్చినచో పాఠము తానుగా మారును. ఐదు వస్తువుల ప్రశ్నకు బదులు ఇట్లు అడుగవచ్చును. మీ బడినుండి ఎత్తైన, గట్టి భవనమునకు పోవు దారిని గీయుము. నడచి ఎన్ని నిమిషములు పట్టినదో వ్రాయుము. ఆ దారిలో వర్షమునకు మునుగు చోటేది? మీ యింట నడవలేనివారు ఎవరు? వారితో పోవుటకు ఎంతసేపు ముందుగా బయలుదేరవలెను? 24 గంటల హెచ్చరిక రాత్రి తొమ్మిది గంటలకు వచ్చినచో తెల్లవారులోగా ఏ పనులు ఏ క్రమమున చేయుదువు? నీ సంచి బరువెంత, అది నీ బరువులో ఎన్నవ వంతు?

ఈ ప్రశ్నలకు సమాధానములు ఏ గైడులోను దొరకవు. పిల్లవాడు ఊరిలో నడచి తెచ్చుకొనవలెను. ఉపాధ్యాయుడు కూడ ఒకసారి అతనితో నడవవలెను. 2004 డిసెంబరు 26వ తేదీన థాయిలాండు తీరమున సెలవులు గడుపుచున్న పదేళ్ల ఇంగ్లీషు బాలిక యొకతె సముద్రము నురగలు కక్కుచు విచిత్రముగా కదలుట చూచి, రెండు వారములక్రితము భూగోళశాస్త్ర తరగతిలో నేర్చిన సునామీ లక్షణములు ఇవేయని గుర్తించి పెద్దలను హెచ్చరించినది. ఆ తీరముననున్న సుమారు నూరుమంది ఎత్తుకు పోయి బ్రతికిరి. ఆమె చేతిలో సంచి లేదు. తరగతిలో విన్న కారణము మనసులో ఉన్నది.

ప్రధానోపాధ్యాయులు వచ్చు తుపానుల కాలమునకు ముందు తమ బడి బీరువాను ఒకసారి తెరచి చూచి, అందు నీటి డ్రమ్ము, క్లోరిన్ బిళ్లలు, వేరుగా చుట్టిన బ్యాటరీలు, రేడియో, మోకు, ఊరివారి జాబితా ఉన్నవో లేవో గమనింపవలెను. ఆ జాబితాను ప్రతి సంవత్సరము జూన్ నెలలో తొమ్మిదవ తరగతి విద్యార్థులచేత తిరిగి వ్రాయించుట మంచిది. గడచిన ఏడాదిలో పుట్టిన పసివారి పేర్లు అందు చేరవలెను.